మస్తాన్ మందు పెట్టలేదు

నాయనా,

పొద్దున పట్టిన మబ్బు గాలికి చెదిరిపోయింది. విత్తనానికి శెనక్కాయలు ఒలిచినాను. నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది.

నువ్వున్నప్పుడే మొదలైన పుండ్లు నీ గండుపిల్లి నోరంతా పాకి, అది పెరుగన్నం కూడా మింగలేకపోయేది. ఖాళీగా ఉన్న నీ మంచం వైపు చూసి అరిచి, ఎవరో పలికినట్టు ఊరుకునేది.

పక్కింటి మస్తాన్ దానికి ఎలుకల మందు పెడుతున్నాడని నువ్వు చివరిదాకా నమ్మినావు. నేనూ నమ్మినాను. నీ పాడె మోయడానికి వస్తే అతన్ని వాకిట్లోనే ఆపినాను.

నిన్న వేరే బండి దొరక్క, అతన్నే అడిగి అతని బండి మీదే పిల్లిని కంబదూరు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాను. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసింది.

"ఇది మందు కాదన్నా, వైరస్. పిల్లులు కొట్లాడి కరుచుకుంటే అంటుకుంటుంది. ఏండ్ల తరబడి లోపలే ఉండి, రోగాన్ని ఎదిరించే బలాన్ని తినేస్తుంది. ఇంక చిన్న పుండు కూడా మానదు."

అది కరిపించుకుని వచ్చినప్పుడల్లా నువ్వు పసుపు అద్ది, "మొగోడంటే నువ్వేరా" అని మురిసేవాడివి.

"ఇప్పుడన్నా మీ నాయనకు చెప్తావా అప్పా?" అన్నాడు మస్తాన్, బండి తీస్తా.

అందుకే రాస్తున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం పిల్లి నీ మంచం కిందే పోయింది. మస్తాన్ గడ్డపారతో లోపలికి వచ్చి, పెరట్లో గుంత తీసినాడు. చేతులు కడుక్కోవడానికి నేను నీళ్లు పోసినాను. పొద్దు గూకక ముందే వెళ్లిపోయినాడు.