పందొమ్మిది చుక్కల ముగ్గు

ఆక్లండ్, మౌంట్ రాస్కిల్‌లో కొడుకు గిరిధర్ ఇంట్లో ఉంటున్న నేను, కీర్తిశేషులు మొగిలయ్య గారి భార్య తారాబాయిని, అరవై తొమ్మిదేళ్ల దాన్ని, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు మా కోడలు స్పందనను అడగవచ్చు. ఎప్పుడో తను అన్న మాటలను తేదీలతో సహా అప్పజెబుతానని ఆమే అందరితో మొర పెట్టుకుంటుంది. నా గుండెలో కవాటం ఒకటి సరిగా మూసుకోవడం లేదట. వచ్చే మంగళవారం కాక ఆ పై మంగళవారం కోసి బాగుచేస్తామన్నారు. మంగళవారం వద్దు నాయనా, బుధవారం చెయ్యమంటే డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. అందుకే ఈ తొందర. నన్నెవరూ బలవంతం చేయలేదు. పైగా మా గిరిధర్ 'ఇప్పుడివన్నీ ఎందుకమ్మా' అని రెండుసార్లు కాగితాలు దాచేశాడు.

ఇందుమూలంగా ఒక హెచ్చరిక. ఈ కాగితాన్ని ఎవరో ఒకరు ఇంటర్నెట్‌లో పెడతారని నాకు తెలుసు. దీనిలో ఏ రహస్యమూ లేదు. అంశాల సంఖ్యలు కూడకండి. వాక్యాల మొదటి అక్షరాలు ఏరకండి. రెండో పేజీ మీద పసుపు మరక ఉప్మా మరక, అంతే.

1. నా రెండు పేటల గొలుసు, నాలుగు గాజులు, పట్టుచీరలన్నీ కోడలు స్పందనకు చెందుతాయి. సిమెంటు మీద నేను రోజూ ముగ్గు వేస్తుంటే 'అత్తమ్మా, నైబర్స్ ఏమనుకుంటరు' అని ఏడాదిపాటు సతాయించింది. ఆ సతాయింపు నేను మరచిపోలేదు. కానీ నా మోకాళ్లు నొస్తున్నాయని తోటపనివాళ్లు కింద వేసుకునే మెత్తని చాప కొనుక్కొచ్చి, నాకు చెప్పకుండా గుమ్మం పక్కన పెట్టిందీ ఆమే. అదీ మరచిపోలేదు.

2. బ్యాంకులో ఉన్నది, వాళ్ల నాన్న చేతిగడియారం గిరిధర్‌కు. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యతా వాడిదే. వాడికి తెలుగు చదవడం నెమ్మది గనుక నిదానంగా చదువుకోవాలి, మధ్యలో పేజీలు దాటవేయకూడదు.

3. ఇది ఆస్తి సంగతి కాదు, ఆట సంగతి. మా ఇంట్లోవాళ్లకు దీనిలో సగమే తెలుసు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

పోయిన సంవత్సరం, అంటే 2006లో, ఇంటర్నెట్‌లో ఒక ఆట మొదలైంది. దీపస్తంభం కాపలాదారు ఒకడు మాయమయ్యాడని కథ. కథ కంప్యూటర్లో ఉంటుంది, ఆనవాళ్లు మాత్రం నిజం ఊళ్లలో ఉంటాయి. ఒకచోట గోడ మీద చీటీ, ఒకచోట లైబ్రరీ పుస్తకంలో ఉత్తరం, ఇంకోచోట దానంతటదే మోగే ఫోన్ బూత్. ఏ దేశం వాళ్లు ఆ దేశంలో జట్టు కట్టి వెతకాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసిందల్లా, ఏప్రిల్లో ఒక పొద్దున ముగ్గు వేసి నడుం ఎత్తేసరికి గేటు అవతల నలుగురు ఫోటోలు తీస్తున్నారు. కౌన్సిల్ వాళ్లనుకుని ముగ్గుడబ్బాతో సహా లోపలికి పరిగెత్తాను.

'కొండ కింద, గుమ్మం ముందు తెల్లని చుక్కలు' అని ఆటలో ఒక ఆనవాలు వచ్చిందట. అది దేని గురించో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వీళ్లు మాత్రం అది నేనే అనుకున్నారు. ఆ నలుగురిలో మన వరంగల్ పిల్లవాడు ఉన్నాడు, రిషి. ఇక్కడే చదువుకుని ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. 'ఆంటీ, వీళ్లు మీ ముగ్గును క్లూ అనుకుంటున్నరు. ఉత్త ముగ్గే అని చెప్పేస్త' అన్నాడు. చెప్పనివ్వనిది నేనే.

ఎందుకంటే, వాళ్లలో పెద్దాయన, గ్రేమ్ అనే బస్సు డ్రైవరు, టోపీ తీసి, 'మీరు ఈ ఆటలో ఉన్నారా?' అని అడిగాడు. నేను ఈ దేశం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు. బయటివాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలు రెండే: బాగున్నారా, సంచీ కావాలా. రెండింటికీ జవాబు కోసం ఎవరూ ఆగలేదు. ఈయన ఆగాడు. నేను ఎస్ అన్నాను.

అక్కడి నుంచి జట్టు పన్నెండుమంది అయింది. శనివారాలు పన్నెండుమందికీ ఉప్మా. అన్నిటికంటే పొడుగు వరసలో ఎన్ని చుక్కలుంటే అదే అసలు సంఖ్య అని గ్రేమ్ సిద్ధాంతం కనిపెట్టాడు. పదిహేను చుక్కలు వేస్తే పార్కులో పదిహేనో బెంచీ కింద వెతికారు. వాన పడి ముగ్గు చెరిగితే 'ఎవరో చెరిపేశారు' అని రాసుకున్నారు. నాకు జ్వరం వచ్చి వేయకపోతే ఆ ఖాళీ సిమెంటు గురించి ఇంటర్నెట్‌లో నలభైమంది వాదించుకున్నారు. మా ఆయన బతికుండగా నలభై ఏళ్లలో నా ముగ్గు గురించి అన్న మాట ఒకటే: 'జారుతుంది, చూసి నడవాలి.'

4. నా ముగ్గుల పుస్తకం, రెండు వందల పేజీలది, గ్రేమ్‌కు చెందాలి. ఆయనకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. చుక్కలకు భాషతో పని లేదు.

5. యాభైమందికి పులిహోర కలిపే నా ఇత్తడి గుండిగ హెండర్సన్ నివాసి, తెలుగు సంఘం అధ్యక్షుడు అప్పారావు గారికి చెందుతుంది. తప్పు చదవలేదు. అప్పారావు గారికే.

2004 ఉగాదికి సంఘం భోజనాలకని దాన్ని తీసుకెళ్లాడు. తిరిగి అడిగితే, నిండు సభలో, 'ఇచ్చేశానండీ, తమరే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు' అన్నాడు. పోపులడబ్బాలో పెట్టి మరచిపోవడానికి అదేమన్నా లవంగమా? రెండేళ్లు ఆ మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

సెప్టెంబరులో ఆట చివరికొచ్చింది. శుక్రవారం సాయంత్రం రిషి వచ్చి, ఆఖరి ఆనవాలు హెండర్సన్‌లో ఫలానా వీధిలో ఉందని తేలింది, సరిగ్గా ఎక్కడో ఒక్కటే తేలాలి ఆంటీ అన్నాడు. అదే వీధిలో పందొమ్మిదో నంబరు ఇల్లు అప్పారావుది. తెల్లవారి లేచి పందొమ్మిది చుక్కలు, సందు చుక్కతో పది వరకు వేశాను. పెళ్లి కాకముందు ఎప్పుడో వేసిన ముగ్గు. గంటన్నర పట్టింది. ఈ చేతులతో, పూర్తి స్పృహతో, పగతో వేశాను.

పన్నెండుమందీ కార్లెక్కి వెళ్లి అప్పారావు పెరట్లోకి దిగారు. ఆయన లుంగీ కట్టుకుని కొత్తిమీరకు నీళ్లు పోస్తున్నాడట. 'ఏవండీ, ఎవరండీ మీరు? ఇది నా బ్యాక్‌యార్డండీ!' అని అరుస్తూనే ఉన్నాడట. కంచె పక్కన నా గుండిగ. దానిలో మట్టి, మట్టిలో నిమ్మచెట్టు. అంచు మీద మా పుట్టింటివాళ్లు చెక్కించిన నా పేరు చూసి అందరికీ పూనకం వచ్చినట్టయింది. అది ఏదో రహస్య లిపి అనుకుని, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నారు. రిషి ఒక్కడే చదివి తల పట్టుకున్నాడు, వాళ్లకు మాత్రం చెప్పలేదు.

గుండిగ ఆ సాయంత్రమే ఇంటికొచ్చింది, నిమ్మచెట్టుతో సహా. అప్పారావు గారు ఆ తర్వాత నా ముందు తల వంచుకునే తిరుగుతున్నారు. అది చాలు. గుండిగ ఆయనే ఉంచుకోవాలి. శుభ్రంగా తోమి, ప్రతి ఉగాదికీ దానిలో పులిహోర కలపాలి. చెట్లు పెట్టకూడదు.

6. ఇది రాయడానికే ఈ కాగితం తీశాను.

ఆ వీధి చివర ఫోన్ బూత్ ఉంది. ఆ శనివారం పొద్దున పదకొండు గంటలకు అది మోగింది. అదే ఆఖరి ఆనవాలు. పది నిమిషాలు మోగింది. ఎత్తేవాళ్లంతా అప్పారావు పెరట్లో నా పేరు మీద పెన్సిలు రుద్దుతున్నారు. ఇక్కడ ఎత్తకపోతే ఆట నియమం ప్రకారం బ్రిస్బేన్‌లో మోగుతుందట. అక్కడ ఎవరో అమ్మాయి ఎత్తింది. న్యూజిలాండ్ ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయింది. ఓడించింది నేను. క్రికెట్లో ఓడితేనే ఈ దేశంలో రెండు రోజులు అన్నం సహించదు, నన్నేం చేస్తారో తెలియదు.

మిగతావాళ్లు మరో ఆటలోకి వెళ్లిపోయారు. గ్రేమ్ వెళ్లలేదు. నీ సంఖ్య తప్పు కాదు తారా, మేమే సరిగా చదవలేదు అన్నాడు. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారమూ గళ్ల కాగితాలు పట్టుకుని నా మెట్ల మీద కూర్చుంటాడు. పందొమ్మిదికి కొత్త కొత్త అర్థాలు చెబుతాడు. నేను తేలుకుట్టిన దొంగలా ఉప్మా వడ్డిస్తూ ఉంటాను. నిజం తెలిస్తే ఇక రాడేమోనని భయం. నా భయం కోసం ఒక మంచి మనిషి చేత ఎనిమిది నెలలు లేని అర్థాన్ని వెతికించాను. పందొమ్మిది అప్పారావు ఇంటి నంబరు. ఇంకే అర్థమూ లేదు. నన్ను క్షమించమని నేను పోయాక ఈ అంశాన్ని ఆయనకు ఇంగ్లీషులో చదివి వినిపించాలి.

7. నేను పోతే, మన ఆచారం ప్రకారం ఇంటి ముందు పదమూడో రోజు వరకు ముగ్గు ఉండదు. ఆ ఖాళీని ఎవరూ ఫోటోలు తీయవద్దు, దాని గురించి వాదించుకోవద్దు. అక్కడ చుక్కలు లేవంటే నేను లేనని.

పై ఏడు అంశాలు మే 5న రాశాను. ఇక్కడి నుంచి 12న రాస్తున్నాను.

పోయాక చెప్పించడం పిరికితనమనిపించి, సోమవారం గ్రేమ్‌ను పిలిపించి, రిషి చేత ఆరో అంశం చదివించాను. గ్రేమ్ చెంచా కింద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన బస్సు రోజూ మా వీధి చివర నుంచే వెళుతుంది, నా కోసం రెండుసార్లు హారన్ కొడతాడు. మంగళ, బుధ, గురు, శుక్రవారాలు బస్సు వెళ్లింది, హారన్ లేదు. ఏడ్చాను. రాయడానికి సిగ్గు లేదు.

వంగవద్దని డాక్టరు చెప్పాక వారం నుంచి వాకిలి బోసిగానే ఉంది. ఈ పొద్దున తలుపు తీస్తే సిమెంటు మీద సుద్దతో వేసిన ముగ్గు ఉంది. ఏడు చుక్కలు, నాలుగు వరకు. గీతలు వంకర, ఒక మెలిక మూసుకోలేదు. నడుమ పద్మం వేయబోయి గొర్రెను వేసినట్టుంది. మూడుసార్లు లెక్కపెట్టాను. ఏడంటే ఏమిటి? ఏడో తేదీన నిజం చెప్పాను, దాని మీద కోపమా? ఏడో నంబరు వార్డా? గేటు అవతల గ్రేమ్, రిషి నిలబడి ఉన్నారు. ఏడుకు అర్థమేమిటో అడుగు అన్నాను రిషితో.

'నథింగ్, తారా' అన్నాడు గ్రేమ్. 'నాకు ఏడు దాకే వచ్చు.'

ఇద్దరినీ లోపలికి పిలిచాను. కాఫీ తాగాక సంతకాలు చేస్తామన్నారు. సాక్షులకు వీలునామాలో ఏమీ రాయకూడదని లాయరు పాండురంగ గారు చెప్పారు కనుక నాలుగో అంశాన్ని కొట్టివేస్తున్నాను. ముగ్గుల పుస్తకం గ్రేమ్ చేతికి ఇప్పుడే ఇచ్చేశాను. ఆసుపత్రి నుంచి రాగానే తొమ్మిది చుక్కలది నేర్పుతానని మాట కూడా ఇచ్చాను. కాబట్టి ఈ వీలునామాను అమలు చేయడానికి ఎవరూ తొందరపడవద్దు.

తేదీ: 2007 మే 12, శనివారం
మౌంట్ రాస్కిల్, ఆక్లండ్

(సంతకం) తారాబాయి

సాక్షులు:
1. గ్రేమ్, బస్సు డ్రైవరు
2. రిషి, హెండర్సన్