లైను పలుకుతోంది

ప్రియమైన అన్నయ్యా,

ఫోను ఎత్తవు, మెసేజీ చూసి ఊరుకుంటావు. రెండు ఉత్తరాలు రాస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఈసారి పని పడి రాస్తున్నా, తప్పించుకోలేవు.

నువ్వొచ్చి పాత పెట్టె తీసేసి, కొత్త పెట్టె బిగించిన నెట్టు మొరాయిస్తోంది. ముందు గదిలో మీ బావగారి కంప్యూటరు బాగానే ఉంది, ఇళ్ల ప్లాన్లు గీసి పంపుకుంటున్నారు. వెనక గదిలో నాది మాత్రం నెట్టు కలిసినట్టే గుర్తు చూపిస్తుంది, పేజీ తెరుచుకోదు. ఫోన్లూ అంతే. ఒక్కోసారి దానంతట అదే బాగవుతుంది. ప్రూఫులు దిద్ది, ఆయన కుర్చీ వెనక నిలబడి పంపించాల్సొస్తోంది.

ఇంకోటి. ముప్పై ఏళ్లు టెలిఫోను లైన్‌మన్‌గా చేశావు. రిపేరు అయ్యాక స్తంభం మీంచి "లైను పలుకుతోంది!" అని వీధంతా వినబడేలా అరిచేవాడివి. మొన్న మా ఇంట్లో పని ముగించి, చీటీ మీద "అయింది" అని రాసి, సంచీ సర్దుకుని వెళ్లిపోయావు. గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది, సరే. మనుషుల్ని కూడా మానేస్తావా? నాకు భయంగా ఉంది.

నీ వాగుడుకాయ

*

వాగుడుకాయకి,

నెట్టు పెట్టె ఆపు. ముప్పై లెక్కపెట్టి మళ్లీ స్విచ్చి వెయ్యి. వెనక గది వైరు మార్చి చూడు. ఏమైందో రాయి.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యా,

కార్డు మీద ఇంకా జానెడు చోటు మిగిలింది, పిసినారీ!

చెప్పినవన్నీ చేశా. ముప్పై బదులు వంద లెక్కపెట్టా. పొద్దున బాగైంది. "మీ అన్నయ్య చెయ్యి పడితే తిరుగులేదు" అని మీ బావగారు అన్నారో లేదో, మళ్లీ పోయింది.

గొంతు దగ్గర పెట్టుకుని మాట్లాడే చిన్న యంత్రం డాక్టరిచ్చాడు కదా, దాని సీలు కూడా తియ్యలేదని వదిన చెప్పింది. రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, చెల్లి వింటే జాలిపడుతుంది అని చీటీ రాశావట. నేనెప్పుడు జాలిపడ్డాను నీ మీద? చిన్నప్పుడు గోడ మీంచి పడితే ముందు నవ్వి, తర్వాతే అమ్మని పిలిచాను.

నీ వాగుడుకాయ

*

వాగుడుకాయకి,

నెట్టులో చేరిన ప్రతి మెషీనుకీ పెట్టె ఒక నంబరు ఇస్తుంది. ఇంట్లో వాటన్నిటి నంబర్లూ రాసి పంపు. చివరి అంకెలు చాలు.

నువ్వు అమ్మని పిలవలేదు. బంతి వెతుక్కోవడానికి వెళ్లిపోయావు. నేనే కుంటుకుంటూ ఇంటికొచ్చాను.

ఆయన వెనక నిలబడి పని చెయ్యకు. కుర్చీ వేసుకో.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యా,

ముందు గది కంప్యూటరు పది. మీ బావగారి ఫోను ఇవాళ పనిచేస్తోంది, దానిది యాభై ఒకటి. నా కంప్యూటరు నూట రెండు, నా ఫోను నూట మూడు.

బంతి దొరికింది కూడా, నీకు చెప్పలేదంతే. కుర్చీ వేసుకున్నాను. ఇలాగే రాస్తూ ఉండు.

నీ వాగుడుకాయ

*

ప్రియమైన వాగుడుకాయకి,

ముందు గదికి పది అని నేనే చేత్తో పెట్టాను, అందుకే అది ఆగలేదు. మిగతా వాటికి కొత్త పెట్టె యాభై నుంచి డెబ్బై దాకానే ఇస్తుంది, అలా అమర్చాను. నూట రెండు అది ఇవ్వదు. నూరు పైన ఇచ్చేది మీ పాత పెట్టె. దానికి బయటి లైను లేదు కాబట్టి, దాని చేతికి చిక్కిన మెషీనుకి బయటికి దారి ఉండదు.

ఆ పాత పెట్టెని బట్టలో చుట్టి అటక మీద పెట్టింది నేనే. దానంతట అది నిచ్చెన దిగి రాదు. నీ బల్ల కిందే ఉంది కదూ?

ఉత్తరాలకి పలకనివాడు లైను చెడితే పలుకుతాడని నీకు తెలుసు. మొదట ఒళ్లు మండింది. కానీ ఈ నెలంతా నీ జవాబు కోసం రోజూ గేటు దగ్గర నిలబడ్డాను. అది ఒప్పుకోక తప్పదు.

బావకి చెప్పనులే. దాన్ని పీకి అటకెక్కించు. ఆదివారం పొద్దున పదింటికి వీడియోలో పిలుస్తాను. యంత్రం సీలు తీశాను. వారం నుంచి పెరట్లో, మీ వదినకి వినబడకుండా సాధన చేస్తున్నా. రేకు డబ్బాలానే ఉంది. ఇప్పటికి ఒక్క వాక్యమే సరిగ్గా వచ్చింది, స్తంభం మీంచి అరిచేదే.

నవ్వొస్తే నవ్వు. బంతి కోసం మాత్రం వెళ్లిపోకు.

నీ అన్నయ్య