ఖాళీగా పంపలేని గిన్నె

చెల్లీ వెర్లీన్,

మీ ఊరు వచ్చేయమని నువ్వు అడిగి నెల దాటింది. రాలేనని చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అట్లాంటా శివార్లలో మీ కాలనీకి బస్సు రాదు. నడవడానికి కాలిబాట లేదు. ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. పోయిన వేసవిలో నీ ఇల్లనుకుని పక్క వీధిలో ఎవరి తలుపుకో తాళంచెవి పెట్టి తిప్పాను కదా.

ఆ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. తలుపు తీసిన ఇంటావిడ ఎర్నస్టీన్ పోలీసుల్ని పిలుస్తుందనుకున్నాను. "ఎంతసేపు తిప్పుతావక్కా, లోపలికి రా. మా ఆయనా నెలకోసారి మా ఇల్లే అనుకుని పక్కింట్లో దూరుతుంటాడు" అంది. పీచ్ పళ్ళు వేసి కాల్చిన తీపి కాబ్లర్ పెట్టింది. మిగిలింది గిన్నెతో సహా నా చేతిలో పెట్టింది. ఆ గిన్నె నా పెట్టెలో పడి ఇక్కడ మా క్లీవ్‌లాండ్ దాకా వచ్చేసింది.

మొన్న దాన్ని పాత పేపర్లలో చుట్టి పోస్టాఫీసుకు తీసుకెళ్ళాను. వరుసలో నిలబడ్డాక అమ్మ గుర్తొచ్చింది. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగిస్తే అమ్మ ఊరుకునేదా? మంచులో మళ్ళీ ఇంటికి మోసుకొచ్చాను.

మీ బావ క్లైడ్ పోయినప్పటి నుంచి చిలగడదుంపల పుడ్డింగు చేయలేదు. ఒక్కదాని కోసం అంత పనెందుకని. ఆ గిన్నె నింపాలంటే అదే చేయాలి. కానీ అది వేడివేడిగా ఇస్తేనే బాగుంటుంది.

నీ చిన్న గది కిటికీ కొలతలు రాసి పంపు, నా కర్టెన్లు సరిపోతాయేమో చూస్తాను. వచ్చిన రోజు నీ వంటిల్లు నాకు వదిలెయ్యి. నేను గుర్తుపట్టాలని తలుపుకు ఏమీ కట్టకు. ఈసారి తెలిసే ఎర్నస్టీన్ తలుపు తడతాను.

దారి తప్పే నీ అక్క