బిల్లు ఓడిపోయింది నాన్నా

కాంకర్డ్,
మార్చి 11.

గౌరవనీయులైన నాన్నగారికి అడెల్ నమస్కారాలు. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ మంచు కరిగి వీధులన్నీ బురద.

రెండేళ్లుగా మీరు జవాబివ్వకపోయినా ఈ రోజు రాయకుండా ఉండలేను. బిల్లు ఓడిపోయింది నాన్నా, ఒక్క ఓటు తేడాతో.

నేరం రుజువైనా, శిక్షించడం అన్యాయమని మనస్సాక్షి చెబితే జ్యూరీ నిర్దోషి అనవచ్చు. ఈ మాట జనానికి చెప్పే మా సంస్థలాంటివాటికి రాష్ట్రం నిధులివ్వకూడదన్నదే ఆ బిల్లు.

కమిటీ గదిలో కాలు పెట్టే చోటు లేదు. మా తరఫున హాటీ బుషార్డ్ సాక్ష్యం చెప్పింది. క్యాన్సర్‌తో ఉన్న భర్త నొప్పి తగ్గాలని పెరట్లో గంజాయి పెంచిన ఆవిడ. మీరు జడ్జిగా కూర్చున్న కోర్టులోనే జ్యూరీ ఆమెను వదిలేసింది. విచారణ జరిగిన ఆ వారమంతా కోర్టు బయట నేను ఈ మాటే రాసిన కరపత్రాలు పంచాననే కదా మీరు నాతో మాట మానేశారు.

బిల్లు పెట్టిన క్రాండల్ గారు ఆమెను అడిగారు: “జ్యూరీ వాళ్లకి మీ తప్పు కనబడలేదా పెద్దమ్మా?”

“కనబడింది బాబూ. పక్కనే మా ఆయన కూడా కనబడ్డాడు.”

క్రాండల్ గారు నావైపు తిరిగారు. “మా డబ్బు తీసుకుంటూ మా చట్టాన్ని కాదనమని చెబుతున్నారు. రేపు మేం నోరు మూసుకోమంటే?”

“మూసుకోను” అన్నాను.

“జీతం ఆపేస్తే?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చివరికి కమిటీ అధ్యక్షురాలి ఓటుతో గెలిచాం. నడవలో డోనట్లు పంచుకుంటుంటే హాటీ నా చెయ్యి పట్టుకుంది. “మీ నాన్నకి కోపమనుకోకే పిల్లా. నన్ను ఇంటికి వెళ్లమన్నప్పుడు ఆయన గొంతు వణికింది, నేను విన్నాను” అంది. నిజమా నాన్నా?

సంతోషంలో అక్షరాలు వంకర్లు పోతున్నాయి, మన్నించండి.

మీ
అడెల్

తా.క. ఒక సంగతి దాచాను. అందరితో పాటు నవ్వాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఓటింగ్ అయిన గంటకే మా వాళ్లందరినీ ఒప్పించి, ఇక రాష్ట్రం నిధులు మాకొద్దని రాసిచ్చేశాను. మెట్ల దగ్గర క్రాండల్ ఎదురై “గెలిచాక వదులుకోవడమేంటమ్మా, పిచ్చా?” అన్నారు. “పొద్దున మీరడిగినదానికి జవాబండీ” అన్నాను. వచ్చే నెల నుంచి నాకు జీతం లేదు. అద్దె సంగతి ఇంకా ఆలోచించలేదు. ముందు మీకు చెప్పాలనిపించింది.