గీత అవతల చెల్లి

అమ్మా,

నా కాలి నొప్పి తగ్గింది, బెంగపెట్టుకోకు. మొన్న పరుగు పందెంలో అందరికంటే ముందున్నదాన్ని, చివరి మలుపులో ఆగి వెనక్కి చూశాను. మనం కొండవాళ్ళం వెనకబడ్డ మనిషిని వదిలి నడవం కదా, చెల్లి వస్తోందా లేదా అని చూసే ఆ అలవాటు ఇంకా పోలేదు. ఈలోగా ఇంకో పిల్ల చివరి గీత దాటి గెలిచింది. "వెనక నీ చుట్టాలెవరున్నారే?" అని కోచ్ మేడం చెడామడా తిట్టింది. అప్పుడు నవ్వొచ్చింది, గదికొచ్చాక ఏడుపొచ్చింది. రెండోదాన్నైనా ఫైనల్‌కు తీసుకున్నారులే.

మేక ఈనిందా? నా దుప్పటి దాచకు, చెల్లికి కప్పు. అవ్వకు నా దండాలు చెప్పు.

వచ్చే నెల ఫైనల్‌కు చెల్లిని తీసుకొచ్చి, గీత అవతల నాకు ఎదురుగా నిలబెట్టు. అది నా ముందే ఉంటే ఇక నాకు వెనక్కి చూసే పనేముంది?

నీ పెద్దది