వెనక్కి నడిచిన బొమ్మ

చెల్లీ,

ఉత్తరమేమిటి, ఫోన్ చేయవచ్చుగా అంటావు. చేస్తే నువ్వు ఎత్తకపోతే? ఉత్తరమైతే చదవకుండా ఉండలేవు. నిన్ను నేనెరుగుదును.

మనకు నాలుగేళ్లుగా మాటల్లేవు. కారణం ఇద్దరికీ తెలుసు, రాస్తే సిరా దండగ. నెలాఖరుకి నీకు గుండె ఆపరేషన్ అని మనవరాలు చెప్పింది. అందుకే అది కంప్యూటర్లో చుట్టాలందరి కోసం కట్టిన ఆటబొమ్మల ఇంట్లోకి మొన్న ఆదివారం నేనూ వచ్చాను. అక్కడ మనిషికో బొమ్మ కదా, ఆ పచ్చజుట్టు బొమ్మ నేనే. బాణం మీటలతో నడవడం చేతగాక గోడను గుద్దాను, పూలకుండీలో ఇరుక్కున్నాను. అందరూ నవ్వారు. నీ నవ్వు మాత్రం వినపడలేదు.

అక్కడ దగ్గరికి వెళితేనే ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. వచ్చాను. నీ ముఖం కనిపించింది. బాగా చిక్కిపోయావు. "ఏమే" అనేలోగా నీ బొమ్మ వెనక్కి నడిచింది. నేను ముందుకు వస్తే అది ఇంకా వెనక్కి, గుమ్మం దాకా వెళ్లింది. నీ ముఖం మాయమైపోయింది.

"చిన్నమ్మమ్మకీ మొదటి రోజే కదా అమ్మమ్మా, కంగారులో తప్పు బాణం నొక్కేసి ఉంటుందిలే" అంది మనవరాలు.

నిజమేనా? నీ ముఖం ఇంకాస్త సేపు కనిపించి ఉంటే నీ కనుబొమలే చెప్పేవి. ఆ బొమ్మకు కనుబొమలైనా పెట్టలేదు, ఆ ఇల్లు కట్టిన మహాతల్లి.

వచ్చే ఆదివారం కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాను. మీటల మీద చెయ్యి వేయను, నీ వెంట పడను. గుమ్మంలోకి రాగానే ఎడమ బాణం నొక్కు, నా దగ్గరికే వస్తావు.

పొరపాటున నొక్కినా సరే.

నీ అక్క