కొండ మీద నీ పాట

నీలం నగర్, సోలాపూర్
శ్రావణ మంగళవారం

చిరంజీవి శ్వేతకు బాపు దీవెనలు.

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. వానలకు తునికాకు మెత్తబడి బీడీలు సరిగ్గా కుదరడం లేదని పొద్దంతా ఆకాశాన్ని తిడుతూ కూర్చుంటోంది. నువ్వు కొల్హాపూర్‌లో వేళకు తింటున్నావని, గొంతు జాగ్రత్తగా చూసుకుంటున్నావని అనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. మీ గురువు ఉషాతాయికి తువ్వాళ్లు తప్పకుండా పంపుతాను. నీలం రంగు కావాలన్నది కదా, ఈసారి మా సేట్ ఆకుపచ్చ ఒక్కటే నేయిస్తున్నాడు, కొంచెం ఓపిక పట్టమను. రాఖీ పున్నానికి మార్కండేయుని రథం ఎప్పటిలాగే కదులుతుంది, నువ్వు రావలసిందే. ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. నేను ఫోన్‌కు ఎందుకు రావడం లేదన్నది ఒకటి. పాట మానేసి పుణెలో ఆ ఆఫీసు ఉద్యోగంలో చేరనా అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒక్క చోటే ఉంది. అది రాయడానికే ఇవాళ కార్ఖానాకు పోకుండా ఇంట్లో కూర్చున్నాను. కడుపు నొప్పి అని చెప్పాను, మీ అమ్మ వాము నీళ్లు తాగించింది.

నీ ఉత్తరంలో ఒక మాట నన్ను బాగా పొడిచింది. "బాపూ, కొండ మీద నేను పాడినంతసేపు నువ్వు నా దిక్కు చూడనే లేదు. మెడ తిప్పి జనాల దిక్కే చూసినవ్. నా పాట నీకు నచ్చలేదని అప్పుడే సమజైంది. లోకం ఏమన్నా అనుకోని, నువ్వు ఖరాబున్నదంటే చాలు, బంద్ చేస్త." ఇట్లా రాశావు. ఎండాకాలం నుంచి ఈ మాట కడుపులో పెట్టుకుని ఎట్లా తిరిగావే పిల్లా? నీ మొండితనం ఎక్కడిదో నాకు తెలుసులే, అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆ కొండ ప్రయాణం నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ కదలడం లేదు. అంతవరకు నేను ఎక్కిన ఎత్తు ఏదంటే మా కార్ఖానా రేకుల కప్పు, అదీ కారుతుంటే తారు పూయడానికి. సోలాపూర్‌లో బస్సు ఎక్కినప్పుడు సీటు కాలుతోంది. సాతారా దాటి ఘాట్ ఎక్కుతుంటే కిటికీలోంచి చల్లటి గాలి వచ్చింది. ఒక మలుపు తిరిగేసరికి కింద లోయంతా తెల్లటి పొగమంచు. దాని మీద కొండల శిఖరాలు మాత్రం తేలుతున్నాయి. దేవుడు ఇంత జాగా పెట్టుకుని మమ్మల్నందరినీ ఒక్క గల్లీలో ఎందుకు కుక్కాడా అనిపించింది. మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, గింతగనం ఉన్నదా లోకం!" అంది. ఆ తర్వాత బస్సు దిగేదాకా కిటికీ వదల్లేదు.

వేసవి సంగీతోత్సవమంటే ఒక పెళ్లి పందిరంత ఉంటుందనుకున్నాను. అక్కడ చూస్తే కొండ వాలు మొత్తం మనుషులే. గడ్డి మీద చాపలు పరుచుకుని, ఎవరూ ఎవరినీ తోసుకోకుండా కూర్చున్నారు. పుణె, ముంబై నుంచి వచ్చిన పెద్దమనుషులు పల్చటి శాలువాలు కప్పుకుని గజగజ వణుకుతున్నారు. నేను మన చద్దర్ కప్పుకుని రాజాలాగా కూర్చున్నాను. పక్కన ఒకాయన చద్దర్ అంచు పట్టుకుని చూసి, "ఎక్కడిది?" అని అడిగాడు. "సోలాపూర్‌ది సాబ్, మేమే నేస్తం" అన్నాను. సగం ఆయనకు కప్పాను. ఆ సాయంత్రం పఖావజ్ అనే పెద్ద మద్దెల వాయించినప్పుడు ఆ దెబ్బ నేలలోంచి వచ్చి నా పక్కటెముకల్లో మోగింది. సంగీతం అంటే ఇదన్నమాట, ఇన్నేళ్లూ ఏం పోగొట్టుకున్నానురా అనుకున్నాను.

తెల్లవారి నీ వంతు. పెద్ద గాయకుల కంటే ముందు కాసేపు నిన్ను ఒక్కదాన్నే పాడనిస్తానని ఉషాతాయి అన్నప్పటి నుంచి మీ అమ్మకు నిద్ర లేదు. సూర్యుడు ఇంకా కొండ వెనకే ఉన్నాడు. నువ్వు ఆ పసుపు చీరలో వచ్చి కూర్చున్నావు. నీ వెనక ఉషాతాయి తంబూరా పట్టుకుంది. నువ్వు ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచి, నోరు విప్పావు.

ఏమీ వినబడలేదు.

మైకు పోయిందనుకున్నాను. ఓరి దేవుడా, నా బిడ్డ వంతు వచ్చినప్పుడే పోవాలా అని ప్రాణం ఉసూరుమంది. ఎవరో ఒకరు "మైకు, మైకు" అని అరుస్తారు కదా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ అరవడం లేదు. అందరూ వింటున్నారు. అప్పుడు తెలిసింది తల్లీ, మైకు కాదు, పోయింది నా చెవులు.

కార్ఖానాలో కరెంటు మగ్గాలు నడుస్తుంటే చెవి దగ్గర అరిచినా వినబడదని నీకు తెలుసు. సైగలతో, పెదాల కదలికతో మాట్లాడుకుంటాం. ఇంటికి వచ్చినా అదే అలవాటు. మన గల్లీలో అందరూ ఎదురుగా నిలబడి, నోరంతా తెరిచి మాట్లాడేవాళ్లే. అందుకని నా సంగతి ఎవరికీ తెలియలేదు, నాకే సరిగ్గా తెలియలేదు. లావు చప్పుళ్లు ఇప్పటికీ వస్తాయి. సన్నటివి ఎప్పుడు పోయాయో చెప్పలేను. ఫోన్‌లో పెదాలు ఉండవు కదా, అందుకే మీ అమ్మకు ఇచ్చి తప్పించుకుంటున్నాను. వీడియోలో నీ బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, ఒక్క మాటా అందదు. మీ అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పడానికి భయంగా ఉంది.

ఆ పొద్దు నేను ఏడవాల్సింది. ఏడవడానికి తీరిక లేకపోయింది. బిడ్డ పాడుతోంది, ఎట్లా పాడుతోందో నాకు తెలియాలి. నీ ముఖం చూస్తే తెలియదు, పాడేవాళ్ల ముఖాలు నొప్పి ఉన్నవాళ్ల ముఖాల్లాగే ఉంటాయి. అందుకే మెడ తిప్పి జనాన్ని చూశాను. నీ పాట వాళ్ల ముఖాల మీద వెతుక్కున్నాను.

ఏం చూశానో చెబుతాను, విను. గట్టు పక్కన చాయ్ అమ్మే అతను కెటిల్ వంచబోయి అట్లాగే నిలబడిపోయాడు. గ్లాసు పట్టుకున్నవాడు కూడా పొయ్యమని అడగలేదు. ముందునాడు నా చద్దర్‌లో సగం కప్పుకున్న పెద్దమనిషి కళ్లు మూసుకుని, చిన్నపిల్లవాడిలాగా పెదవి కొరుక్కున్నాడు. మా వెనక తొమ్మిది గజాల నౌవారీ చీర కట్టుకున్న ఒక ముసలావిడ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నా చూపు గమనించి, నీ వైపు వేలు చూపి, "తుమచీ ముల్గీ?" అంది, మీ అమ్మాయేనా అని. తల ఊపాను. ఆవిడ రెండు చేతులు ఎత్తి నాకు దండం పెట్టింది. నాకు, బిడ్డా! జీవితంలో నాకు ఎవరూ దండం పెట్టలేదు.

అప్పుడే మీ అమ్మ నా మోచేయి గిల్లింది. "ఏందయ్యో, సోయి ఉన్నదా? బిడ్డ అక్కడ పాడుతుంటే ఎన్కకు మర్రి చూస్తవేంది?" అని కళ్లెర్రజేసింది. నేను ఆమె చేతుల వైపు చూశాను. నీకు తెలుసు కదా, మీ అమ్మ చంద్రభాగ చేతులు ఊరికే ఉండవు. చాట ఒడిలో లేకపోయినా, బస్సులో అయినా, గుడిలో అయినా, వేళ్లు కొంగు అంచును చుడుతూనే ఉంటాయి. నిద్రలో కూడా బీడీ చుడుతుంది. పెళ్లయినప్పటి నుంచి ఆ వేళ్లు ఆగడం నేను చూడలేదు. ఆ పొద్దు ఆగాయి. ఒడిలో రెండు చేతులూ విప్పి, వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. నాకు భయమేసింది, దేవుడి ముందు నిలబడ్డప్పుడు వేసే భయం.

కొంతసేపటికి నీ వైపు తిరిగితే నీ నోరు మూసి ఉంది. ఉషాతాయి చెయ్యి తంబూరా మీంచి దిగింది. పాట అయిపోయిందన్నమాట. అయినా కొండ మీద ఒక్కరూ కదల్లేదు. కార్ఖానాలో కరెంటు పోతే అందరం ఒక్కసారే మాట్లాడడం మొదలుపెడతాం, ఆగిన చప్పుడు అంటే నాకు అదే తెలుసు. ఇక్కడ పాట ఆగినా అంత మందిలో ఎవరికీ మాట్లాడాలని లేదు. సూర్యుడు కొండ మీదికి వచ్చాడు. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. అవి నాకు బాగానే వినబడ్డాయి.

నీ పాట బాగుందో లేదో నన్ను అడగకు, నేను వినలేదు. రథానికి వచ్చినప్పుడు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకుపో, మీ అమ్మకు కూడా నువ్వే చెప్పు. చెవికి మిషన్ పెడితే వినికిడి ఎంత తిరిగొస్తుందో, అసలు రాదో, ఆ బెంగ నాది. పుణె ఉద్యోగం నీకు ఇష్టమైతే చేరు, నేను అడ్డం రాను. కానీ బాపుకు నచ్చలేదని మాత్రం మానకు. ఆ పొద్దు నీ పాట విన్నవాళ్లంతా పాటలోనే మునిగిపోయారు. వాళ్ల వైపు తిరిగి చూసింది నేనొక్కడినే. అక్కడ ఏం జరిగిందో నేను చెప్పకపోతే నీకు ఇంకెవరూ చెప్పలేరు. పాడు బిడ్డా.

ఇట్లు,
నీ బాపు
రాములు